బుల్లితెర పాటల కథ – 6వ భాగం: దాయాదుల పోరు

పోయిన భాగంలో మనం అమెరికాలో ఉన్నాం. 1981 ఆగస్టు 1న అర్ధరాత్రి దాటిన నిమిషానికి ఎంటీవీ మొదలైంది. మన్‌హటన్ కేబుల్‌లో అది రాకపోవడంతో ఆ ఛానెల్ ఉద్యోగులే నది దాటి న్యూజెర్సీ వెళ్ళి, ఓ రెస్టారెంట్‌లో కూర్చుని తమ తొలి ప్రసారం తాము చూసుకున్నారు. నల్లజాతి గాయకుల్ని ఏడాదిన్నర పైగా గడప దగ్గరే నిలబెట్టిన ఆ ఛానెల్ చివరికి 1983లో మైకేల్ జాక్సన్ దగ్గర దిగొచ్చింది. అక్కడిదాకా చెప్పుకున్నాం. ఆ కథలోంచి ఒక్క సంగతిని ఈ భాగంలోకి కూడా వెంట తెచ్చుకోవాలి. రికార్డు కంపెనీలు తమ ఖర్చుతో వీడియోలు తీయించి ఎంటీవీకి ఊరికే ఇచ్చేవి. పాట తెరమీద పదిసార్లు కనిపిస్తే రికార్డు కొంటారని వాళ్ళ లెక్క. పాట ఒకరిది, ప్రసారం ఇంకొకరిది. ఈ ఏర్పాటు మన దేశానికి వచ్చాక ఏమైందన్నదే ఇవాళ్టి కథ.

ఇది మొదలైంది అంతరిక్షంలో. 1984 ఫిబ్రవరిలో ఛాలెంజర్ షటిల్ నుంచి వదిలిన వెస్టార్-6 అనే అమెరికన్ ఉపగ్రహం మోటారు మొరాయించి, చేరాల్సిన కక్ష్య చేరలేక చిక్కుకుపోయింది. అదే ఏడు నవంబరులో డిస్కవరీ షటిల్ వెళ్ళి దాన్నీ, అలాగే దారితప్పిన ఓ ఇండోనేషియా ఉపగ్రహాన్నీ ఒడిసి పట్టుకుంది. పని ముగిశాక వ్యోమగాములు ‘అమ్మకానికి ఉంది’ అని రాసిన బోర్డొకటి పట్టుకుని అక్కడే ఫొటో దిగారు. సరదాకి దిగిన ఫొటోయే గానీ, బేరం నిజంగానే కుదిరింది. మరమ్మతు చేసిన ఆ ఉపగ్రహాన్ని ఒక హాంకాంగ్ కంపెనీ కొని, ఏషియాశాట్-1 అని పేరు పెట్టి, 1990 ఏప్రిల్‌లో చైనా లాంగ్ మార్చ్ రాకెట్ మీద మళ్ళీ పైకి పంపింది. ఒకరు వదిలేసుకున్న ఆ పాత సామాను నీడలోకి చైనాతో పాటు మన దేశమూ వచ్చింది, అరబ్బు దేశాలూ వచ్చాయి.

దాని మీద టీవీ ఛానెళ్ళు పెట్టినవాడు హాంకాంగ్ కుబేరుడు లీ కా-షింగ్. ఆయన హచిసన్ వాంపోవా సంస్థ 1991లో స్టార్ టీవీ ప్రారంభించింది. పాటల ఛానెల్ సొంతంగా నడిపే అనుభవం వాళ్ళకు లేదు. అందుకని అమెరికా ఎంటీవీతో ఒప్పందం చేసుకున్నారు. 1991 సెప్టెంబరు 15న ఎంటీవీ ఏషియా మొదలైంది. ఈ సిగ్నల్ భారతదేశంలో పడాలని ఎవరూ ప్రత్యేకంగా ముహూర్తం పెట్టుకోలేదు. ఉపగ్రహం వెలుగు పడినచోటల్లా అది పడింది, అంతే.

పట్టుకునేవాళ్ళు మాత్రం సిద్ధంగా ఉన్నారు. అదే ఏడాది జనవరిలో గల్ఫ్ యుద్ధం వచ్చింది. పెద్ద హోటళ్ళలో సీఎన్ఎన్ చూసొచ్చిన వాళ్ళు దాని గురించి కథలు కథలుగా చెప్పారు. అప్పటికే మన పట్టణాల్లో కేబుల్ ఉంది. అంటే డిష్ కాదు, ఓ గదిలో వీసీఆర్, అందులోంచి వీధివీధికీ వైరు, రోజుకు రెండు సినిమాలు. ఆ కేబులాయనే ఇప్పుడు మేడ మీద పెద్ద డిష్ బిగించాడు. వైరు కరెంటు స్తంభాల మీదుగా, వేపచెట్ల కొమ్మల మీదుగా, పెరటి గోడల మీదుగా నడిచింది. దీనికి చట్టమంటూ ఒకటి వచ్చింది 1995లో. అంతదాకా ఆ నాలుగేళ్ళూ చట్టం లేని రాజ్యమే. స్టార్ కూడా ఎవర్నీ పైసా అడగలేదు. ఎంతమంది చూస్తే అంత ప్రకటనల ధర.

ఆ వైరు చివర ఉన్న ఇల్లు ఎలాంటిదో గుర్తు చేసుకోవాలి. పాట చూడాలంటే శుక్రవారం సాయంత్రం చిత్రలహరి దాకా ఆగాలి. హిందీ పాట కావాలంటే బుధవారం చిత్రహార్. వారానికి ఆరేడు పాటలు. అందులో రెండు నలుపు తెలుపు కాలంవి. కరెంటు పోతే ఆ వారం పాట లేనట్టే. అలాంటి ఇంట్లో ఒక్కసారిగా రాత్రీ పగలూ ఆగని పాట వచ్చిపడింది. అదీ ఎవరూ ఎన్నడూ వినని పాట. మడోన్నా, గన్స్ అండ్ రోజెస్, మధ్యలో తైవాన్ గాయకుల చైనా పాటలు. పాటకీ పాటకీ నడుమ ఇంగ్లీషులో గలగలా మాట్లాడే వీజేలు. వాళ్ళ మాట విజయవాడలో, వరంగల్లో ఎంతమందికి అర్థమైందంటే చెప్పడం కష్టం. అయినా చూశారు. హాస్టల్ టీవీ గదిలో, కేబుల్ ఉన్న స్నేహితుడి ఇంట్లో, వీధి గుమ్మంలో నాన్న చెప్పుల చప్పుడు వినపడేదాకా చూశారు. ఆ తర్వాత తెరమీద దూరదర్శన్ వార్తలు.

ఆ ఇంగ్లీషు వరదలో మొదటి దేశవాళీ గొంతు బాబా సెహగల్‌ది. 1992లో వచ్చిన ‘ఠండా ఠండా పానీ’తో హిందీలో ర్యాప్ అనేది ఒకటుంటుందని దేశానికి తెలిసింది. అమెరికా బాణీని పట్టుకొచ్చి దానికి మన చల్లనీళ్ళు కలిపాడని వెక్కిరించినవాళ్ళు ఉన్నారు. కేసెట్ మాత్రం విపరీతంగా అమ్ముడైంది. ఆయనే డీడీ మెట్రోలో ‘సూపర్‌హిట్ ముకాబ్లా’ నడిపాడు, తర్వాతి కాలంలో తెలుగు సినిమాల్లోనూ పాడాడు. కుర్రాళ్ళకు కావాల్సింది పడమటి పాట కాదు, ఆ పాటలోని పొగరు మన భాషలో దొరకడం అని ఆ కేసెట్ అమ్మకాలు చూసిన ఎవరికైనా అర్థమవ్వాలి. అమెరికాలో కూర్చున్న ఎంటీవీ పెద్దలకు మాత్రం అప్పటికింకా కాలేదు.

ఇంతలో ఇల్లు చేతులు మారింది. 1993 జూలైలో రూపర్ట్ మర్డోక్ స్టార్‌లో 63.6 శాతం వాటాను 52.5 కోట్ల డాలర్లకు కొన్నాడు. మర్డోక్‌కి ఒక అలవాటుంది. తన కప్పు కింద ఇంకొకరి పెత్తనం సాగనివ్వడు. ఎంటీవీది కూడా అదే తత్వం: ప్రపంచమంతటా ఒకే ముద్ర, ఒకే మాట, పగ్గాలు మా చేతిలోనే ఉండాలి. ప్రకటనల డబ్బు ఎవరిదన్న దగ్గర, కార్యక్రమాల మీద అధికారం ఎవరిదన్న దగ్గర ఇద్దరికీ పొసగలేదు. 1994 వేసవిలో ఎంటీవీ స్టార్ నుంచి బయటికి నడిచింది. ఆ ఖాళీలో మర్డోక్ మనుషులు మే నెలలోనే సొంత ఛానెల్ నిలబెట్టేశారు. దాని పేరు ఛానెల్ వి. అంతకుముందు ఎంటీవీలో కనిపించిన వీజేల్లో కొందరు ఇక్కడ కూడా కనిపించేసరికి, పేరు తప్ప ఏం మారిందో తెలియక తికమకపడ్డ ప్రేక్షకులూ ఉన్నారు. ఒకే కొంపలో పుట్టి వేరుపడ్డ దాయాదుల పోరు అలా మొదలైంది.

మారింది మాత్రం చాలా. ఛానెల్ వి చేసిన తెలివైన పని ఏమిటంటే, ప్రేక్షకుడి సంగతి ప్రేక్షకుడి ఊళ్ళోనే తెలుసుకోవాలనుకోవడం. ముంబయిలో కుర్ర జట్టును పెట్టి, మీ ఇష్టం వచ్చినట్టు చేయండని వదిలేశారు. కెనడా నుంచి వచ్చిన రూబీ భాటియా అక్కడే తారగా వెలిగింది. జావేద్ జాఫ్రీ ఆడా మగా, ముసలీ ముతకా, దొరా పనివాడూ అన్ని వేషాలూ తానే కట్టాడు. కార్యక్రమాల పేర్లు తలుచుకుంటే ఆ కాలపు దుకాణాల వీధి కళ్ళ ముందు కనిపిస్తుంది: ‘బీపీఎల్ ఓయ్’, ‘టైమెక్స్ టైంపాస్’, ‘వీడియోకాన్ ఫ్లాష్‌బ్యాక్’. కొత్తగా తలుపులు తెరిచిన మార్కెట్లో టీవీలు, వాచీలు అమ్మేవాళ్ళకు కుర్రకారు కావాలి. ఆ కుర్రకారును ఒకచోట కూర్చోబెట్టి అప్పగించడమే ఈ ఛానెల్ వ్యాపారం. పాట అందుకు ఎర.

ఛానెల్ వి పుట్టించిన వాళ్ళలో మన దాకా వచ్చినవాడు క్విక్ గన్ మురుగన్. శశాంక ఘోష్, రాజేష్ దేవరాజ్ తయారుచేసిన ఈ పాత్ర పాటల మధ్య వచ్చే చిన్న చిన్న తునకల్లో కనిపించేది. తుపాకీ పట్టిన దక్షిణాది శాకాహార కౌబాయ్. పాత మద్రాసు కౌబాయ్ సినిమాల మీద ముంబయి వాళ్ళ వేళాకోళం. వింధ్య పర్వతాలకు కింద ఉన్న మనుషులంతా ఒకే ఇడ్లీ పాత్రలోంచి దిగినట్టు చూపించే ఆ చూపు ఇప్పుడు తలుచుకుంటే కాస్త చురుక్కుమంటుంది. అప్పుడు మాత్రం నవ్వుకున్నాం. కథ అక్కడితో ఆగలేదు. 2009లో ఆ పాత్రే సినిమాకెక్కినప్పుడు మురుగన్‌గా వేసింది మన రాజేంద్రప్రసాద్. ఎదుటి పాత్ర రైస్ ప్లేట్ రెడ్డిగా నాజర్, మ్యాంగో డాలీగా రంభ. వెక్కిరింపుగా పుట్టిన వేషానికి చివరికి ప్రాణం పోయడానికి దక్షిణాది నటులే కావలసి వచ్చారన్నమాట.

బయటికెళ్ళిన ఎంటీవీ కొన్నాళ్ళు నిలువనీడ లేకుండా తిరిగింది. దూరదర్శన్‌తో ఒప్పందం కుదుర్చుకుని రోజుకు కొన్ని గంటల చొప్పున పాటలు వేసింది. సర్కారు ఛానెల్, అమెరికా తుంటరి ఛానెల్ ఒకే తెరను పంచుకోవడం తొంభైల వింతల్లో ఒకటి. చివరికి 1996 అక్టోబరు 28న ఎంటీవీ ఇండియా పేరుతో సొంతంగా దిగింది. నాలుగు రోజుల తర్వాత నవంబరు 1న మైకేల్ జాక్సన్ ముంబయిలో ఆడిపాడాడు. ఆ వారంలో దేశం ఊపు అలా ఉంది.

ఈసారి ఎంటీవీ పాఠం నేర్చుకునే వచ్చింది. మొదట్లో పడమటి పాటలు ఎక్కువే వేసినా, ఏడాది రెండేళ్ళలో హిందీ పాట పైచేయి అయింది. వీజేలు ఇంగ్లీషూ హిందీ కలగలిపి మాట్లాడారు. సైరస్ బరూచా ‘ఎంటీవీ బకరా’ అంటూ దాచిన కెమెరాతో దారిన పోయేవాళ్ళను ఆటపట్టించాడు. మలైకా అరోరా, నిఖిల్ చినప్ప, మినీ మాథుర్, సైరస్ సాహుకార్. ఈ పేర్లు అప్పటి డిగ్రీ కుర్రాళ్ళకు సినిమా తారల పేర్లంత బాగా తెలుసు. ఛానెల్ వి హాస్యమాడితే ఎంటీవీ వెటకారం చేసేది. ఒకరు అవార్డుల పండగ పెడితే ఇంకొకరు ఇంకో పండగ. వీజేలు అటూ ఇటూ దూకేవారు. ఏది పెద్దదన్న విషయంలో ఇద్దరూ తమకు నచ్చిన లెక్కలే చూపించుకునేవారు.

ఈ పోటీ వల్ల లాభపడింది పాట. సినిమాతో సంబంధం లేని హిందీ పాట అనేది ఒకటి ఈ దేశంలో వ్యాపారంగా నిలబడిందంటే అది సుమారు 1995 నుంచి 2000 దాకా, ఆ ఐదారేళ్ళే. 1995లో అలీషా చినాయ్ ‘మేడ్ ఇన్ ఇండియా’ వచ్చింది. బిడ్డూ బాణీ, కెన్ ఘోష్ తీసిన వీడియో, స్వయంవరంలో అందర్నీ కాదనే రాకుమారి, చెక్కపెట్టెలోంచి బయటికొచ్చే మిలింద్ సోమన్. అదే ఏడు దలేర్ మెహందీ ‘బోలో తారా రా’. ఈ రెండూ మాగ్నాసౌండ్ అనే ఒకే కంపెనీవి. మరుసటి ఏడు హాస్యనటుడు మెహమూద్ కొడుకు లక్కీ అలీ ‘ఓ సనమ్’ అంటూ ఈజిప్టు ఇసుకలో నడిచాడు. హరిహరన్, లెస్లీ లూయిస్ కలిసి కలోనియల్ కజిన్స్ అయ్యారు. ఎంటీవీ అన్‌ప్లగ్డ్‌లో పాడిన తొలి భారతీయులు వాళ్ళే. ఆ తర్వాత యుఫోరియా, సిల్క్ రూట్, ఫల్గుణీ పాఠక్.

వీటిని మనవాళ్ళు ఎలా అందుకున్నారన్నది వేరే కథ. హైదరాబాదులో హిందీ వీధి భాషే కాబట్టి పాట తిన్నగా చెవిలోకి వెళ్ళింది. కోస్తాలో చాలామందికి అది భాష తెలియని బాణీ, అయినా పెళ్ళి ఊరేగింపుల బ్యాండు మేళాల్లోకి ‘బోలో తారా రా’ వచ్చేసింది. కేసెట్ షాపుల్లో మనకు కావాల్సిన పాటల జాబితా కాగితమ్మీద రాసిస్తే ఖాళీ కేసెట్‌లో ఎక్కించి ఇచ్చేవారు. ఆ జాబితాల్లో ఇళయరాజా కింద లక్కీ అలీ, ఆ కింద రెహమాన్. తెలుగులో ఈ దారి పట్టిన గొంతు విజయవాడ అమ్మాయి స్మితది. ‘పాడుతా తీయగా’లో పాడి, ఆ తర్వాత ‘హాయ్ రబ్బా’తో తెలుగు పాప్ అనే మాటకు ఓ ముఖం ఇచ్చింది. కానీ ఆమె వెనకాల పెద్ద గుంపేమీ రాలేదు. కారణం వెతకడానికి దూరం వెళ్ళక్కర్లేదు. 1995లోనే జెమినీ, ఈటీవీ వచ్చాయి. తెలుగు సినిమా పాట ఇంట్లో రోజంతా దొరుకుతుంటే, ముంబయి నుంచి వచ్చే రెండు ఛానెళ్ళలో తెలుగు పాప్‌కు ఇచ్చే చోటెంత?

ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది. ఛానెళ్ళు చచ్చిపోయింది ఇంటర్నెట్ వల్లే అని అందరూ అనేస్తుంటారు. నేను ఒప్పుకోను. జబ్బు అంతకు పదేళ్ళ ముందే పట్టింది. ఎరువు సొమ్ము బరువు చేటు అన్నారు పెద్దలు. ఈ ఛానెళ్ళు ఒంటినిండా దిగేసుకున్న సొమ్మంతా ఎరువుదే. ఒక్క పాటా వాటిది కాదు. స్టార్ వాళ్ళకు ఈ భయం కాస్త ముందే పట్టినట్టుంది. అందుకే నాలుగు అంతర్జాతీయ రికార్డు కంపెనీలను ఛానెల్ విలో వాటాదార్లుగా చేర్చుకున్నారు. కానీ వాళ్ళ చేతుల్లో ఉన్నది ఇంగ్లీషు పాట. ఇండియాలో బంగారం ఇంకొకరి పెట్టెలో ఉంది: సినిమా వాళ్ళ దగ్గర.

సినిమా వాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. 1994లో ‘ప్రేమికుడు’ చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. శంకర్, రెహమాన్, ప్రభుదేవా కలిసి ఎంటీవీ తెచ్చిన వేగాన్ని, ముక్కలు ముక్కలుగా కోసే ఎడిటింగ్‌ను, మైకేల్ జాక్సన్ అడుగులను మొత్తంగా సినిమా పాటలోకి లాగేశారు. బాలీవుడ్ కూడా అదే బాట పట్టింది. పాప్ వీడియో చూపించగలిగినదంతా సినిమా పాట ఇంకా ఎక్కువ డబ్బుతో, ఇంకా పెద్ద తారలతో చూపించగలదని తేలిపోయింది. 1997, 98 నాటికి ‘దిల్ తో పాగల్ హై’, ‘కుఛ్ కుఛ్ హోతా హై’ పాటల ముందు కొత్త గాయకుడి తొలి ఆల్బమ్ ఎలా నిలబడుతుంది? పైగా సినిమా విడుదలకు ముందు ప్రచారానికి పాట వేయడం నిర్మాతలకూ అవసరమే. ఛానెల్‌కు పాట తేరగా వచ్చేది, ప్రకటనల డబ్బూ వచ్చేది. అలా పాప్ గాయకుల సమయం కొద్దికొద్దిగా తరిగిపోయింది. మరోపక్క దొంగ కేసెట్లు, ఆ తర్వాత వంద పాటల ఎంపీ3 సీడీలు చిన్న కంపెనీలను మింగేశాయి. అలీషాను, దలేర్‌ను జనంలోకి తెచ్చిన మాగ్నాసౌండ్ కొత్త శతాబ్దం మొదటి ఏళ్ళలోనే మూతపడింది.

పాప్ ఎండిపోతుంటే ఛానెళ్ళు సొంతంగా తారలను పుట్టించాలని చూశాయి. 2002లో ఛానెల్ వి ‘పాప్‌స్టార్స్’ పోటీ పెట్టి ఐదుగురు అమ్మాయిలతో వివా అనే బృందం కట్టింది. దేశమంతా తిరిగి ఎంపికలు, కన్నీళ్ళు, సంబరాలు. బృందం ఎక్కువకాలం నిలవలేదు. కానీ అందులోని నేహా భసీన్ గొంతు మనకు తర్వాత ‘జనతా గ్యారేజ్’లో, ‘జై లవకుశ’లో వినిపించింది. అంటే పాప్ బృందం చివరికి సినిమాకే గాయనిని ఇచ్చింది. అదే ఏడు టీ-సిరీస్ వాళ్ళ ‘కాంటా లగా’ దుమారం రేపింది. పాత సినిమా పాటకు కొత్త దరువు, అమ్మానాన్నలతో కలిసి చూడలేని వీడియో. పాత పాటకు కొత్త రూపు ఇవ్వడానికి అప్పటి కాపీరైట్ చట్టం దారి తెరిచే ఉంచింది, ఖర్చు తక్కువ, సంచలనం ఎక్కువ. ఒక ఏడాది రెండేళ్ళు పాటల ఛానెళ్ళు రీమిక్సుల మీదే బతికాయి. కొత్త పాట పుట్టించలేని కాలం ఎలా ఉంటుందో చూడాలంటే ఆ రెండేళ్ళ తెర చూస్తే చాలు.

2003లో ఎంటీవీ ‘రోడీస్’ తెచ్చింది. హీరో హోండా కొత్త బైకులు, వాటి మీద కొందరు కుర్రవాళ్ళు, దారిపొడవునా పందేలు, తగువులు. దీన్ని నడిపిన రఘురామ్ తెలుగు మూలాలున్నవాడే. గుండు, గద్దింపు, ఇంటర్వ్యూకు వచ్చిన కుర్రాళ్ళను ఏడిపించే పద్ధతి అతని పేరును ఊరూరా మోగించాయి. ఆ మనిషి 2004లో ‘ఇండియన్ ఐడల్’కు పాట పాడటానికి వెళ్ళి న్యాయనిర్ణేతలతో గొడవపడి వచ్చాడు కూడా. పాటల ఛానెల్‌ను పాట నుంచి మళ్ళించిన కార్యక్రమం నడిపినవాడికి పాట మీదే మోజు ఉండటం విచిత్రమే. ‘రోడీస్’లో ఛానెల్ యజమానులకు నచ్చింది వేరే: ఇది పూర్తిగా తమది. ఎవరికీ బాకీ లేదు, ఎవరినీ బతిమాలక్కర్లేదు, ఎన్నిసార్లు వేసుకున్నా అడిగేవాడు లేడు.

రేటింగుల లెక్క కూడా అటే తోసింది. పాటల ఛానెల్‌ను జనం ఎలా చూస్తారు? సీరియల్ మధ్య ప్రకటన వస్తే ఇటు తిప్పుతారు, నచ్చిన పాటుంటే ఆగుతారు, లేకపోతే పక్క ఛానెల్. మూడు నిమిషాల్లో వచ్చి పోయేవాడిని చూపించి ప్రకటనల ధర ఎంత అడగగలరు? ‘రోడీస్’ చూసేవాడు అరగంట, గంట కదలకుండా కూర్చుంటాడు. దానికితోడు ఛానెళ్ళ సంఖ్య పెరిగిపోయింది. ఈటీసీ, బీ4యూ, జీ వాళ్ళవి, ఇంకా ఎన్నో. పాత కేబుల్ వైరులో పట్టేవి కొన్నే కాబట్టి మంచి నంబరు కావాలంటే కేబుల్ సంస్థలకే ఛానెల్ ఎదురు డబ్బు కట్టాల్సిన రోజులు వచ్చాయి. 1991లో ఊరికే దొరికిన మేడమీది డిష్‌కు 2005 నాటికి అద్దె పడింది. పాట సొంతదార్లు కూడా ఊరికే ఇవ్వడం మానేసి రుసుము అడగడం మొదలుపెట్టారు. 2007లో వచ్చిన 9ఎక్స్ఎం అయితే వీజేల ఖర్చే వద్దనుకుంది. బడే, ఛోటే అనే కార్టూన్ బొమ్మలతో జోకులు, మిగతా అంతా సినిమా పాటలు. అది బాగా ఆడింది. వీజే లేకపోయినా ఎవరికీ లోటనిపించలేదంటే ఆ పదవి అప్పటికే ఖాళీ అయిందన్నమాట.

స్టార్ ఇంట్లో ఛానెల్ వి సవతి బిడ్డ అయింది. 2000లో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’తో స్టార్ ప్లస్ దశ తిరిగాక, మర్డోక్ కంపెనీ కళ్ళన్నీ హిందీ సీరియళ్ళ మీదే. కుర్రకారును నవ్వించే చిన్న ఛానెల్ తెచ్చే డబ్బు వాళ్ళకు ఆనలేదు.

అప్పుడు వచ్చింది యూట్యూబ్. 2007లో రెండు దావాలు పడ్డాయి. అమెరికాలో ఎంటీవీ యజమాని వయాకామ్, గూగుల్ మీద వంద కోట్ల డాలర్లకు దావా వేసింది. ఢిల్లీలో టీ-సిరీస్, యూట్యూబ్ మీద వేసింది. ఒకే శత్రువు మీద ఇద్దరి దావాలు, కానీ ఇద్దరి దారులు వేరయ్యాయి. పాట సొంతదారైన టీ-సిరీస్ 2011కల్లా రాజీపడి, తన పాటలను తానే యూట్యూబ్‌లో పెట్టడం మొదలుపెట్టింది. 2019 మేలో ప్రపంచంలో పదికోట్ల చందాదారులు దాటిన తొలి యూట్యూబ్ ఛానెల్ అదే. పండ్లరసాల వ్యాపారం నుంచి కేసెట్లలోకి వచ్చిన గుల్షన్ కుమార్ పెట్టిన కంపెనీ, మధ్యలో ఉన్న ఎంటీవీని పక్కకు తప్పించి నేరుగా ప్రేక్షకుడి ఫోన్లోకి నడిచింది. ఎంటీవీ దగ్గర ఫోన్లోకి తీసుకెళ్ళడానికి ‘రోడీస్’ ఉంది గానీ పాట లేదు.

తర్వాతిది గబగబా జరిగిపోయింది. 2010లో అమెరికా ఎంటీవీ తన ముద్ర కింద ఉన్న సంగీతం అనే మాటను తీసేసింది. 2012 జూలైలో ఛానెల్ వి పాటలు ఆపి కాలేజీ కథల సీరియళ్ళకు మారింది. 2016లో మళ్ళీ పాటలకే వచ్చింది, కానీ ఆ సెప్టెంబరులోనే జియో దిగి డేటాను చవక చేసేసింది. 2018లో ఛానెల్ వి ఇండియా తెర దించేసింది. ఎంటీవీ ఇండియా పేరు మిగిలింది, మధ్యలో ‘కోక్ స్టూడియో’ లాంటి మంచి పనులూ చేసింది, కానీ ఇంటి యజమాని మాత్రం రియాలిటీ షోనే. బ్రిటన్‌లో ఎంటీవీ వాళ్ళ ఐదు పాటల ఛానెళ్ళు 2025 డిసెంబరు 31తో ఆగిపోయాయి. ఆ వార్తకు మన దగ్గర వినిపించిన నిట్టూర్పులు ఎక్కువగా నలభై దాటినవాళ్ళవే.

ఈ పోరంతా ముంబయిలో జరిగింది కాబట్టి దక్షిణాదిలో ఏమీ జరగలేదనుకోవద్దు. 2001లో చెన్నైలో ఒక వింత ప్రయోగం మొదలైంది: ఎస్ఎస్ మ్యూజిక్. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం నాలుగు భాషల పాటలూ ఒకే ఛానెల్లో, ఇంగ్లీషులో మాట్లాడే వీజేలతో. ఆ ఛానెల్ పెట్టిన గొంతుల వేటలోంచి ఎస్5 అనే బృందం, అందులోంచి బెన్నీ దయాళ్ బయటికొచ్చారు. ఆ తర్వాత ఎవరి భాషకు వాళ్ళ పాటల ఛానెల్ కావాల్సి వచ్చింది. జెమినీ మ్యూజిక్, మా మ్యూజిక్ పుట్టాయి. హలో అంటూ ఫోన్ చేసి పాట అడిగి, ఆ పాటను పేరుపేరునా ఊరందరికీ అంకితమిచ్చిన ప్రేక్షకులు, తెర అడుగున పాకే ఎస్ఎంఎస్‌లలో ప్రేమలేఖలు రాసుకున్న కుర్రాళ్ళు, చివరికి ఆ పాటలన్నిటినీ యూట్యూబ్‌కు పట్టుకుపోయిన ఆదిత్య మ్యూజిక్ సంగతి వచ్చే భాగంలో.